స్కూటర్ సైలెన్సర్ మోత పెడుతోందా? ముందు ప్యాకింగ్ చూడండి, కొత్తది తర్వాత

నిన్నటిదాకా చప్పుడు లేకుండా తిరిగిన యాక్టివానో జూపిటరో ఒక పొద్దున సెల్ఫ్ కొట్టగానే వీధంతా వినపడేలా దడదడలాడిందనుకోండి, ఎవరిని అడిగినా వచ్చే మొదటి మాట "సైలెన్సర్ పోయింది, మార్చేయ్". పోయి ఉండొచ్చు. కానీ మోత పెట్టిన ప్రతి సైలెన్సరూ పోయినట్టు కాదు. ఇంజన్‌కీ సైలెన్సర్ పైపుకీ మధ్య ఉండే చిన్న రింగు (ప్యాకింగ్ అంటే అదే) నలిగిపోయినా, ఒక నట్టు వదులైనా, పైన ఉన్న కవరు స్క్రూ ఊడినా బయటికి వినిపించేది మోతే. మోత ఎక్కడ పుడుతోందో తెలియకుండా జేబులో చెయ్యి పెట్టొద్దు, నేను చెప్పేది అంతే. కనిపెట్టడం, విప్పడం, అతికించగలిగితే అతికించడం, కుదరకపోతే కొత్తది వేసుకోవడం, ఈ వరసలో రాస్తున్నా. స్పానర్ పట్టుకోవడం వచ్చినవాళ్లు వెల్డింగ్ తప్ప మిగతాదంతా ఇంటి ముందే చేసుకోవచ్చు.

ఇదంతా ఎక్కువగా గేర్లు లేని ఫోర్ స్ట్రోక్ స్కూటర్ల గురించి. పాత చేతక్, ఎక్స్‌ఎల్ సూపర్ లాంటి టూ స్ట్రోక్ బండ్ల జబ్బు వేరు, వాటి సంగతి మధ్యలో విడిగా చెప్తా.

మన వైపు ఎందుకు తొందరగా పోతాయి

తుప్పు వల్ల. ఇందులో సగం సంగతి అందరికీ తెలిసిందే, ఉప్పు గాలి. నెల్లూరు, ప్రకాశం తీరంలో కొత్తపట్నం, రామాయపట్నం, తుమ్మలపెంట, మైపాడు చుట్టుపక్కల ఊళ్లలో బండి కదలకుండా పెట్టినా ఇనుము తినేస్తుంది. ఇక రొయ్యల గుంటల కట్టల మీద రోజూ తిరిగే బండ్ల గురించి చెప్పక్కర్లేదు, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చిమ్మే ఉప్పు తుంపర, కట్ట మీది తడి మట్టి రెండూ కలిసి సైలెన్సర్ అడుగున పట్టుకుని ఎండిపోతాయి, వాటిని ఎవరూ కడగరు.

రెండో సగం చాలామందికి తట్టదు. లోపలి నుంచి కూడా తుప్పు పడుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, ఆవిరి రూపంలో. దూరం పోయే బండికి సైలెన్సర్ మొత్తం కాగిపోయి ఆ ఆవిరి తోక నుంచి బయటికి పోతుంది. మనం చేసేదేంటి, ఇంటి నుంచి కూరగాయల మార్కెట్‌కి, అక్కడి నుంచి పిల్లల స్కూలుకి, ఒక్కోటి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు. సైలెన్సర్ వెనక భాగం వేడెక్కేలోపే బండి ఆపేస్తాం. ఆవిరి లోపలే నీళ్లయి అడుగున నిలుస్తుంది. బొక్క పడేది కూడా అందుకే పైన కాదు, అడుగున, వెనక వైపు. ఊరంతా తిప్పిన బండి కంటే పెద్దాయన వారానికి రెండుసార్లు గుడికి తీసుకెళ్లే బండి సైలెన్సరే ముందు పోవడం చూసి ఆశ్చర్యపోతుంటారు, అందులో వింతేమీ లేదు.

చీమకుర్తి, కనిగిరి, పొదిలి వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తుప్పు నిదానం. అక్కడ గతుకులకి బ్రాకెట్ విరగడం, పైపు అతుకు దగ్గర చీలిక రావడం ఎక్కువ.

ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చాలా స్కూటర్లకు వెనక చక్రం బయటికి రావాలంటే సైలెన్సర్ విప్పాల్సిందే. టైరు మార్చిన ప్రతిసారీ విప్పుతారు, మళ్లీ అదే పాత ప్యాకింగ్‌తో బిగిస్తారు. వెనక టైరు మార్చిన కొద్ది రోజులకే మోత మొదలైందంటే సైలెన్సర్‌ని అనుమానించకండి, ఆ ప్యాకింగ్‌ని అనుమానించండి.

మోత ఎక్కడో కనిపెట్టడం

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి, పొద్దున్నే అయితే మంచిది. బండిని ఆరుబయట సెంటర్ స్టాండ్ వేసి పెట్టండి. వరండాలో, షట్టర్ దించిన షాపులో ఇంజన్ ఆన్ చేసి పరీక్షలు చేయొద్దు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, తల తిరిగేదాకా తెలియదు.

స్టార్ట్ చేయకముందే కళ్లతో చూడండి. కింద కూర్చుని, సెల్ ఫోన్ లైటు వేసి, పైపు ఇంజన్‌లోకి పోయే చోటు నుంచి తోక దాకా వరసగా చూస్తూ రండి. ఇట్టాంటి స్కూటర్లలో ఇంజన్ సిలిండర్ పడుకున్నట్టు ఉంటుంది, పొగ బయటికి వచ్చే దారి కింది వైపుకి తెరుచుకుంటుంది, అందుకే ఆ రెండు నట్లు పైనుంచి కనిపించవు. అక్కడ చుట్టూ నల్లటి మసి చిమ్మినట్టుంటే లీకు అక్కడే, ఇంకా వెతకక్కర్లేదు. మసి లేకపోతే చేత్తో సైలెన్సర్‌ని పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. మొత్తం ఊగితే బోల్టులో బ్రాకెట్టో. ఊగకుండా లోపల గలగలమంటే లోపలి రేకు అతుకు ఊడింది. పైకవరు మాత్రమే చప్పుడు చేస్తే అదృష్టవంతులు, స్క్రూలు బిగించి, కింద వాషరు పోయి ఉంటే కొత్తది వేసి లేచిపోండి.

ఇప్పుడు స్టార్ట్ చేయండి. మందపాటి పాత టవలు తడిపి మడిచి, చేతికి గ్లవ్ వేసుకుని తోక రంధ్రాన్ని ఒకటి రెండు సెకన్లు గట్టిగా మూయండి. అన్నీ సరిగ్గా ఉంటే ఇంజన్ ఊపిరాడనట్టు మూలిగి ఆగిపోవాలి. ఆగకుండా ఆడుతూనే ఉండి ఎక్కడో "ఛస్ ఛస్" అంటుంటే గాలి పోయే దారి మధ్యలో ఉంది, చెవి పెట్టి పట్టుకోండి. చాలా సైలెన్సర్లకు అడుగున ఒక సన్న రంధ్రం కంపెనీయే పెడుతుంది, లోపలి నీళ్లు కారిపోవడానికి. అక్కడి నుంచి కాస్త గాలి రావడం మామూలే, దాన్ని చూసి బొక్క పడిందని కంగారు పడొద్దు.

చప్పుడు రకాన్ని బట్టి కూడా కొంత తెలుస్తుంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా టిక్ టిక్ మని, బండి వేడెక్కాక తగ్గిపోతే ముందు వైపు ప్యాకింగ్ లీకు, ఇనుము వేడికి సాగి సందు మూసుకుంటుంది కాబట్టి తగ్గుతుంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు టప్ టప్ మని పేలుతున్నా ముందు చూడాల్సింది అదే, సందులోంచి బయటి గాలి లోపలికి పోయి కాలని పెట్రోలు పైపులో అంటుకుంటుంది. ఇంజెక్టర్ ఉన్న కొత్త బండ్లలో ఈ లీకు మైలేజీ కూడా తినొచ్చు. పొగలో ఆక్సిజన్ ఎంత ఉందో చూసే సెన్సర్‌కి ఈ బయటి గాలి తగిలితే "పెట్రోలు తక్కువవుతోంది" అనుకుని ఎక్కువ కొట్టిస్తుంది. అంటే మోత ఒక్కటే అయితే భరిద్దాంలే అని ఊరుకునే వ్యవహారం కాదు.

చివరిగా తుప్పు పట్టిన చోటల్లా స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. మొహమాటం వద్దు, గట్టిగానే. దిగిపోతే ఆ రేకు ఎట్టాగూ పోయేదే. ఒక్క చోట దిగి చుట్టూ గట్టిగా ఉంటే వెల్డింగ్‌కి పనికొస్తుంది. అరచెయ్యంత మేర పొరలు పొరలుగా ఊడుతుంటే వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లడం దండగ, అతికించిన చోటు పక్కనే వారంలో ఇంకో బొక్క పడుతుంది.

విప్పడం

ముందు రోజు రాత్రే పని మొదలవుతుంది. ఇంజన్ దగ్గరి రెండు నట్ల మీద, వెనక బోల్టుల మీద వైర్ బ్రష్‌తో మట్టి, తుప్పు రాల్చి డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టి వదిలేయండి. అది లేకపోతే కిరోసినో డీజిలో చుక్కలు చుక్కలుగా వేసి నాననివ్వండి. తెల్లారి ఇంకోసారి. ఈ ఓపిక లేకపోవడం వల్లే స్టడ్డులు (ఇంజన్‌లోకి దిగి ఉండి, ఆ నట్లు ఎక్కే మర కడ్డీలు) విరుగుతాయి, స్టడ్డు విరిగిందంటే పావుగంట పని కాస్తా లేత్ షాపు దాకా పోతుంది.

కావాల్సినవి: ముందు నట్లకు 10 లేదా 12 సాకెట్, బండిని బట్టి. దానికి పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్డు తప్పనిసరి, మామూలు స్పానర్ అక్కడ తిరగదు. వెనక బోల్టులకు ఎక్కువగా 14 సరిపోతుంది. డబుల్ ఎండ్ స్పానర్‌తో నట్టు మూలలు అరగ్గొట్టుకోవద్దు, రింగు స్పానరో సాకెట్టో వాడండి. కొత్త ప్యాకింగ్ ముందే తెచ్చి దగ్గర పెట్టుకోండి, విప్పాక షాపుకి పోదామంటే ఆదివారం మూసి ఉంటుంది. దాని ధర ఒక పూట టిఫిన్ ఖర్చు దాటదు, కాబట్టి "పాతది బాగానే ఉందిగా" అనే లెక్క వేసుకోవద్దు. ఆ రింగు ఒక్కసారి నలగడానికే తయారైంది, రెండోసారి బిగిస్తే సందు మూయదు.

ఇంజెక్టర్ బండి అయితే సైలెన్సర్ పైపు మీద సెన్సర్, దానికి వైరు ఉందేమో చూడండి. కొన్నిటికి పైపు మీద ఉంటుంది, కొన్నిటికి ఇంజన్ హెడ్ (సిలిండర్ మీది మూత) దగ్గర. పైపు మీద ఉంటే ముందు కనెక్టర్ ఊడదీయండి. వైరుతో సహా సైలెన్సర్ లాగేస్తే సెన్సర్ ఖరీదు సైలెన్సర్ ఖరీదుతో పోటీ పడుతుంది.

ఇప్పుడు ముందు వైపు నట్లు. తిప్పేముందు బిగించే వైపుకి రవ్వంత కదిలించండి, "టక్" మని తుప్పు వదిలిన చప్పుడు వస్తుంది, అప్పుడు విప్పే వైపుకి తిప్పండి. కాస్త తిరిగి బిగుసుకుంటే బలం పెట్టకండి, వెనక్కి తిప్పి, స్ప్రే కొట్టి, మళ్లీ ముందుకి. రెండూ వదులయ్యాక వెనక బోల్టులు తీయండి, ఒక చేత్తో సైలెన్సర్ బరువు పట్టుకోవాలి, లేకపోతే ఆ బరువంతా ముందు స్టడ్డుల మీద వేలాడుతుంది. సాయానికి ఇంట్లో ఎవరినైనా పిలుచుకోండి, ఇది ఇద్దరు మనుషుల పని. చివరి బోల్టు వచ్చాక మెల్లగా కిందికి, వెనక్కి లాగితే వచ్చేస్తుంది.

నట్టుతో పాటు స్టడ్డు కూడా ఊడి వచ్చిందా? పర్వాలేదు, మర బాగుంటే మళ్లీ వేయొచ్చు, రెండు నట్లు ఒకదానిమీద ఒకటి బిగించి ఆ పై నట్టుని పట్టుకుని తిప్పితే స్టడ్డు లోపలికి పోతుంది. విరిగి సగం లోపల ఉండిపోతే మాత్రం డ్రిల్లు పట్టుకుని సాహసాలు చేయకండి. హెడ్ అల్యూమినియం, స్టడ్డు ఇనుము, డ్రిల్లు బిట్టు గట్టిదాన్ని వదిలేసి మెత్తదాన్ని తింటూ పక్కకి పోతుంది. అది అనుభవమున్న లేత్ వాళ్ల పని, బయటికి కనిపిస్తున్న మొండెం మీద నట్టు పెట్టి వెల్డ్ చేసి తిప్పి తీస్తారు. గ్యాస్ మంటతో నట్టు వేడి చేసి విప్పడం మెకానిక్‌లు చేస్తుంటారు, మీరు ఇంట్లో చేయకండి, చాలా స్కూటర్లకు పెట్రోలు ట్యాంకు సీటు కిందే ఉంటుంది.

సైలెన్సర్ బయటికి వచ్చాక ఇంజన్ రంధ్రంలో పాత ప్యాకింగ్ ఇరుక్కుని ఉంటుంది. మసి పట్టి హెడ్‌లో కలిసిపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి అసలు అక్కడ ప్యాకింగే లేదనుకుని దానిమీదే కొత్తది పెట్టేసేవాళ్లున్నారు. సన్నటి స్క్రూడ్రైవర్‌తో అంచు పట్టి, గోడకి గీతలు పడకుండా, మెల్లగా లేపి తీయండి. తర్వాత ఒక గుడ్డ ముక్క ఆ రంధ్రంలో కుక్కి పెట్టండి, బల్లులూ మట్టీ పోకుండా. బిగించేముందు ఆ గుడ్డ తీయడం మర్చిపోవద్దని వేరే చెప్పాలా!

అతికించడం

వెల్డింగ్ షాపుకి సైలెన్సర్‌ని విప్పి తీసుకెళ్లండి, బండితో సహా కాదు. కరెంటు వెల్డింగ్ బండి మీదే పెట్టి చేస్తే ఇంజెక్టర్ బండ్లలో ఉండే కంట్రోల్ యూనిట్ కాలిపోయే ప్రమాదం ఉంది. నిప్పురవ్వలు, పెట్రోలు సంగతి సరేసరి.

ఈ రేకు పలచన. గేట్లు, గ్రిల్సు చేసే షాపులో మామూలు రాడ్డు వెల్డింగ్ పెట్టిస్తే ఒక బొక్క మూయబోయి మూడు చేస్తారు. గ్యాస్ వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గరికి పోండి, లేదంటే సీఓటూ వెల్డింగ్ ఉన్న షాపు. నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి చోట్ల కార్ల బాడీ పని చేసే షెడ్డుల్లో ఇవి ఉంటాయి, పలచటి రేకు మీద చెయ్యి తిరిగినవాళ్లు కూడా వాళ్లే. షెడ్డులో సంభాషణ దాదాపు ఇట్టా నడుస్తుంది:

"ఏందన్నా, బొక్క ఒకటేనా?"

"ఒకటే తమ్ముడూ. పైన ముద్ద పెట్టకుండా, చుట్టూ గీకి రేకు ముక్క వేసి చెయ్యి. అదిగో ఆ సన్న రంధ్రం మాత్రం మూయొద్దు, నీళ్లు కారేది."

ఆ చివరి మాట చెప్పడం మర్చిపోవద్దు. కుర్రాళ్లు మంచి మనసుతో దాన్ని కూడా మూసేస్తారు, ఆ తర్వాత నీళ్లు పోయే దారి లేక వచ్చే వానాకాలానికి అడుగు మొత్తం ఊడుతుంది. రేకు ముక్క విషయంలో ఇంకొకటి, కప్పుకి వేసే తెల్లటి జీఐ రేకు వాడనివ్వకండి. దానిమీది జింకు కాలితే వచ్చే పొగ పీల్చినవాళ్లకి జ్వరం పట్టుకుంటుంది, అతుకు కూడా సరిగ్గా పట్టదు. నల్ల రేకు, సైలెన్సర్ రేకు మందంలోనే, చాలు.

అతుకు చల్లారాక అక్కడే పరీక్షించండి. ఒక వైపు రంధ్రం మూసి, అతుకు మీద సబ్బు నీళ్లు రాసి, రెండో వైపు నుంచి ఊదితే బుడగలు ఎక్కడ వస్తాయో తెలుస్తుంది. బ్రాకెట్ విరిగిన కేసైతే దాన్ని పాత చోటే, పాత కోణంలోనే పెట్టించాలి, ఒక్క పిసరు పక్కకి పోయినా బోల్టు రంధ్రం కలవదు, బలవంతంగా లాగి బిగిస్తే ఆ లాగుడు మళ్లీ అతుకు మీదే పడుతుంది. అనుమానముంటే సైలెన్సర్‌ని బండికి పెట్టి బ్రాకెట్ స్థానం గుర్తు వేసుకుని, మళ్లీ విప్పి అప్పుడు వెల్డ్ చేయించండి.

దారిలో ఆగిపోతే? కూల్‌డ్రింక్ అల్యూమినియం టిన్ను కత్తిరించి బొక్క మీద చుట్టి, రెండు చివర్లా హోస్ క్లిప్పులు బిగిస్తే ఇల్లు చేరొచ్చు. పైపు మీదైతేనే సుమా, పొట్ట భాగం మీద క్లిప్పు పట్టదు. వేడికి తట్టుకునే సైలెన్సర్ పేస్టు దొరికితే చిన్న చీలికలకి కొన్నాళ్లు పనిచేస్తుంది. ఎం-సీల్ మాత్రం వద్దు, అది ట్యాంకు లీకులకి, పైపులకి బాగుంటుంది గానీ ఈ వేడికి మాడి రాలిపోతుంది.

టూ స్ట్రోక్ బండ్ల మాట

చేతక్, ఎల్ఎంఎల్, ఎక్స్‌ఎల్ సూపర్ ఇప్పటికీ పల్లెల్లో తిరుగుతున్నాయి. వీటి ఇంజన్‌లో పెట్రోలుతో పాటు ఆయిలు కూడా కాలుతుంది కాబట్టి సైలెన్సర్ లోపల జిడ్డు మసి గట్టిపడి దారి మూసుకుపోతుంది, బండి ఎత్తు ఎక్కదు, పికప్ ఉండదు. పాత మెకానిక్‌లు సైలెన్సర్‌ని విప్పి మంటలో కాల్చి, తట్టి రాల్చేవాళ్లు, అది టూ స్ట్రోక్‌కి నిజంగానే పనిచేస్తుంది. ఆ అలవాటుతో ఇప్పటి బండ్ల సైలెన్సర్ కూడా కాలుస్తామంటే ఒప్పుకోకండి. లోపల విషపు పొగని తగ్గించే కన్వర్టర్ ఉంటుంది, అది పాడవుతుంది, పైగా ఫోర్ స్ట్రోక్‌లో ఆ జిడ్డు అట్టా పేరుకోదు, కాల్చాల్సిన అవసరమే లేదు. ఫోర్ స్ట్రోక్ బండి తోకలో నల్లటి జిడ్డు కనిపిస్తే రోగం సైలెన్సర్‌ది కాదు, ఇంజన్ ఆయిలు తాగుతోంది.

కొత్తది కొనడం

పాతదాన్ని చేత్తో పట్టుకుని షాపుకి పోండి, ఆర్‌సీ కూడా. ఒకే పేరుతో వచ్చే బండికి ఏడాదిని బట్టి సైలెన్సర్ మారుతుంది. బండి పొగ కాలుష్యం మీద 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి, లోపలి కన్వర్టర్, సెన్సర్ రంధ్రం, బ్రాకెట్ అన్నీ దానికి తగ్గట్టు మారాయి. "అన్నీ ఒకటే సార్, పడుతుంది" అంటే అక్కడే కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టి పైపు వంపు, బోల్టు రంధ్రాల దూరం చూసుకోండి.

ఒరిజినలా, లోకలా? బీఎస్-3 పాత బండి, ఇంకో రెండేళ్లు తిప్పి అమ్మేద్దామనుకుంటే మంచి లోకల్ సైలెన్సర్ చాలు, నా లెక్కలో అయితే అంతే. చేత్తో ఎత్తి చూడండి, మరీ తేలిగ్గా ఉంటే రేకు పలచన, సముద్రం పక్క ఊళ్లలో అది రెండు వానాకాలాలు కూడా చూడదు. బీఎస్-6 బండికి మాత్రం ఒరిజినలే. ఖరీదు వేలల్లోనే ఉంటుంది, ఎందుకంటే లోపలి కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాల పూత ఉంటుంది. కన్వర్టర్ లేని ఖాళీ డబ్బా తగిలిస్తే విషపు పొగ అంతా వెనక కూర్చున్నవాళ్ల ముక్కులోకి, పొల్యూషన్ పరీక్షలో కూడా దొరికే అవకాశం ఉంది. బండి వారంటీలో ఉంటే ముందు షోరూంలో అడిగి తర్వాత డబ్బు తీయండి.

మోత పెట్టే సైలెన్సర్ పెట్టించమని ఇంట్లో పిల్లోడు అడిగితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ చూపించండి. 2019 సవరణ తర్వాత పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు రద్దు కూడా ఉన్నాయి. పట్టుకున్న సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించే ఫొటోలు పేపర్లో చూసే ఉంటారు.

బిగించడం

ఇక్కడ ఒకటే చిక్కు. రంధ్రం కిందికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి కొత్త ప్యాకింగ్ పెట్టగానే జారి కింద పడుతుంది. దానికి అంచున రవ్వంత గ్రీజు రాసి అతికించండి, నిలబడుతుంది, తర్వాత ఆ గ్రీజు కాలిపోతుంది. పైపు ఎక్కించేటప్పుడు ప్యాకింగ్ పక్కకి ఒరగకుండా చూసుకోవాలి, ఒరిగితే ఒక అంచు నలిగి మొదటి స్టార్ట్‌లోనే మళ్లీ టిక్ టిక్ మొదలు. స్టడ్డుల మరలకి కాపర్ గ్రీజు రాస్తే వచ్చేసారి విప్పేవాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు.

అన్ని నట్లూ బోల్టులూ ముందు చేత్తోనే, వదులుగా ఎక్కించండి. ఒక్కటి కూడా బిగించొద్దు. అన్నీ ఎక్కాక ముందు వైపు రెండు నట్లని ఇదొక అర చుట్టు, అదొక అర చుట్టు, మార్చి మార్చి బిగించుకుంటూ రండి, రెండు వైపులా సందు సమానంగా తగ్గాలి. ఆ తర్వాతే వెనక బోల్టులు. వరస తిరగేసి వెనకవి ముందు బిగిస్తే పైపు ముందు వైపు సరిగ్గా కూర్చోదు, ప్యాకింగ్ ఒక పక్కే నలుగుతుంది. మళ్లీ చెప్తున్నా, హెడ్ అల్యూమినియం, మర పోయేంత బలం పెట్టకండి, పొడుగు పైపు తగిలించి బిగించే అలవాటు లారీలకి ఉంచండి. కనెక్టర్ తీసి ఉంటే తగిలించండి, వైరు పైపుకి ఆనకుండా పాత క్లిప్పులోనే పెట్టండి.

స్టార్ట్ చేస్తే కాసేపు పొగ, వాసన వస్తాయి, పైన ఉన్న పెయింటు, ఆయిలు కాలుతోంది, కంగారు లేదు. తడి టవలు పరీక్ష ఇంకోసారి చేయండి. రెండు మూడు రోజులు తిరిగాక, చల్లగా ఉన్నప్పుడు, ముందు నట్లు ఇంకోసారి చూసుకోండి, ప్యాకింగ్ సర్దుకుని కాస్త వదులవుతాయి.

వెల్డింగ్ చేయించిన సైలెన్సర్‌కి రంగు వేయకపోతే అతుకు చుట్టూనే మొదట తుప్పు పడుతుంది. మామూలు ఎనామిల్ పెయింటు నిలవదు, 600 డిగ్రీల దాకా తట్టుకునే స్ప్రే డబ్బాలు దొరుకుతాయి, సిల్వరో నలుపో. తుప్పు ఎమెరీతో గీకి, థిన్నర్‌తో తుడిచి, పలచగా రెండు మూడు పూతలు. ఆరాక ఇంజన్ పది నిమిషాలు ఆడించి చల్లార్చడం రెండు సార్లు చేస్తే రంగు గట్టిపడుతుంది.

వానలు, వరదలు

మన దగ్గర అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్లలో మునిగిన బండ్లు ఎన్నో. తోక దాకా నీళ్లు వచ్చిన బండిని నీళ్లు తీయగానే సెల్ఫ్ కొట్టి చూడొద్దు. సైలెన్సర్ నిండా నీళ్లుంటాయి, అవి ఇంజన్‌లోకి కూడా పోయి ఉండొచ్చు. ముందు ఆయిల్ స్టిక్కు తీసి చూడండి, ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవండి. ఆయిలు బాగుంటే సైలెన్సర్ విప్పి వంచి నీళ్లు ఒంపేసి, ఎండలో పెట్టి, ప్లగ్గు విప్పి ఆరబెట్టి, కొత్త ప్యాకింగ్‌తో బిగించాక స్టార్ట్ చేయండి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద పోవాల్సి వస్తే యాక్సిలరేటర్ ఒకే లెక్కలో పట్టుకుని పోండి, మధ్యలో ఆగిపోతే అక్కడే స్టార్ట్ చేయకుండా తోసుకుని గట్టు చేరండి.

బీచ్‌కి పోయొచ్చిన రోజు, గుంటల దగ్గర తిరిగిన రోజు సైలెన్సర్ అడుగున మంచి నీళ్లు కొట్టండి, చల్లారిన తర్వాతే, తోక రంధ్రంలోకి పైపు పెట్టకుండా. కడిగాక ఒక పావుగంట అటూ ఇటూ తిప్పి రండి, వేడికి లోపలా బయటా ఆరుతుంది. చిన్న చిన్న తిరుగుళ్లకే వాడే బండిని వారానికోసారైనా కాస్త దూరం తీసుకెళ్లండి, కావలి నుంచి ఉలవపాడు దాకా మామిడికాయలకి పోయొచ్చినా పని అయిపోతుంది.

ఈ పనులన్నిటిలో, బండి దిగేటప్పుడు కూడా, పిక్క కాలకుండా చూసుకోవాలి, ముఖ్యంగా కుడి పక్క నుంచి దిగే పిల్లలకి. కాలితే ఇరవై నిమిషాల పాటు కొళాయి నీళ్ల కింద పెట్టడమే వైద్యం, టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏవీ పూయొద్దు. బొబ్బ పెద్దదైతే డాక్టర్ దగ్గరికి.

ఇక తీసేసిన పాత సైలెన్సర్. బీఎస్-4, బీఎస్-6 బండ్లదైతే దాన్ని షాపులో వదిలేసి రాకండి, ఇంటికి తెచ్చుకోండి. పాత ఇనుము కొట్టులో కిలోల లెక్కన అడిగితే ఇవ్వొద్దు, లోపల కన్వర్టర్ ఉందని చెప్పి బేరం ఆడండి, ఒకరు కాదంటే ఇంకొకరు కొంటారు. మీరు చెప్పకపోయినా దాని విలువ వాళ్లకి తెలుసు.